విషయం: లేక్ జెనీవా బుకింగ్ గురించి మీరు జవాబివ్వని నాలుగో ఉత్తరం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

ఇంతకుముందు మూడు మెయిళ్లు ఇంగ్లీషులో రాశాను. మూడింటికీ "మీ సందేశం అందింది" అని క్షణంలో జవాబొచ్చింది. ఆ తర్వాత 23 రోజులుగా ఉలుకూ పలుకూ లేదు. "మీ భాషలోనే మీకు సేవ" అని మీ ప్రకటనలో తెలుగులో ఉంది కదా, అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. అవతల చదివే మనిషంటూ ఒకరున్నారో లేదో ఇలాగైనా తేలుతుంది.

జరిగింది చిన్నదే. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో రెండు రాత్రులకు మీ ట్రావెల్ కంపెనీ ద్వారా గది బుక్ చేసి మీకు 612 డాలర్లు కట్టాను. షికాగో నుంచి అమ్మానాన్నలను తీసుకుని ఒంటిగంటకు హోటల్‌కి వెళ్తే మా పేరుతో బుకింగే లేదన్నారు. పొరపాట్లు జరుగుతాయి, ఒప్పుకుంటాను. తన తప్పు ఏమీ లేకపోయినా రిసెప్షన్‌లో అమ్మాయి అమ్మకి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. నా కోపమంతా ఆ తర్వాత ఫోన్లో మీతో గడిపిన మూడు గంటల మీద.

మొదట 47 నిమిషాలు మీ సంగీతం విన్నాను. ఎట్టకేలకు ఎత్తినాయన "ఏ జెనీవా సర్?" అన్నాడు. ఊరు లేక్ జెనీవా, సరస్సు జెనీవా లేక్, ఉన్నది వాల్వర్త్ కౌంటీలో అని విడమరిచి చెప్పాను. ఇల్లినాయ్‌లో ఉన్న జెనీవా హోటళ్ల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. అది వేరే ఊరు, వేరే రాష్ట్రం అంటే "ఒక్క నిమిషం" అన్నాడు, లైను తెగిపోయింది. తర్వాత ఎత్తినావిడ నన్ను యూరప్ విభాగానికి పంపింది. అక్కడాయన, షెంజెన్ వీసా రాకపోతే డబ్బు వెనక్కి రాదని ఎంతో మర్యాదగా చెప్పాడు. నేను స్విట్జర్లాండ్‌లో లేను బాబూ, విస్కాన్సిన్‌లో పార్కింగ్ లాట్‌లో ఉన్నాను అన్నాను. "అర్థమైంది సర్, పాస్‌పోర్ట్ నంబరు చెప్పండి." తెలుగు కోసం 4 నొక్కితే హిందీ ఆవిడ వచ్చింది. "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని ఐదుసార్లు అంది, లెక్కపెట్టాను. పది నిమిషాల్లో కన్ఫర్మేషన్ వస్తుంది, ఈలోగా హోటల్ వదిలి కదిలితే మీరే రాలేదని రాసేస్తాం అని కూడా అంది. కదల్లేదు.

కదలకపోవడం వల్ల ఏం పోయిందో చెప్తాను. మా నాన్నగారు ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఈ ప్రయాణం పెట్టుకున్నదే పక్కనే విలియమ్స్ బేలో ఉన్న యెర్కీస్ అబ్జర్వేటరీ కోసం. 1897 నాటిది, 40 అంగుళాల కటకం ఉన్న టెలిస్కోపు ఉందక్కడ. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారు 1937లో అక్కడికొచ్చి పాతికేళ్లకు పైగా పనిచేశారు. నాన్నగారు దాని గురించి క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! మూడున్నర టూరుకి టికెట్లు కొని పెట్టాను. ఆయన కొత్త బూట్లు వేసుకుని వెనక సీట్లో సిద్ధంగా కూర్చున్నారు. నాలుగైంది. ఏమీ అనకుండా వంగి లేసులు విప్పుకున్నారు.

మీ కన్ఫర్మేషన్ ఇప్పటికీ రాలేదు. ఆ రాత్రి ఎల్క్‌హార్న్‌లో హైవే పక్కన ఓ మోటెల్ మేమే వెతుక్కున్నాం.

మర్నాడు మెయిల్ బోటు ఎక్కాం. అక్కడ వేసవిలో సరస్సు ఒడ్డు ఇళ్లకి ఉత్తరాలు పడవలో వెళ్తాయి. పడవ ఆగదు. ఇరవై ఏళ్ల పిల్ల రేవు మీదికి దూకి, పరుగెత్తి ఉత్తరం డబ్బాలో వేసి, కదిలిపోతున్న పడవ మీదికి మళ్లీ దూకుతుంది. "పడిపోతుందేమోరా" అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల పడలేదు, ఉత్తరమూ తడవలేదు. మీ ఆఫీసులో ఏసీలో కూర్చున్నవాళ్ల దగ్గర నా మూడు ఉత్తరాలు ఏ నీళ్లలో పడ్డాయో మరి.

వెనక్కి వస్తూ డెలవాన్‌లో ఆగాం. 19వ శతాబ్దంలో చాలా సర్కస్ కంపెనీలు చలికాలం అక్కడే మకాం వేసేవట. ఇప్పుడు ఒక్కటీ లేదు అంటారు గానీ, ఒకటి పేరు మార్చుకుని ట్రావెల్ వ్యాపారంలో ఉందని నా అనుమానం.

ఆరేళ్లుగా మీ కస్టమర్‌ని. నయాగరా, యెల్లోస్టోన్, అత్తామామల ఇండియా టికెట్లు, అన్నీ మీ దగ్గరే. మా తోడల్లుడికీ, ఆఫీసులో నలుగురికీ మీ పేరు చెప్పింది నేనే. వాళ్లకి ఇప్పుడు ఇదీ చెప్పాను.

612 డాలర్లు వెనక్కి రావాలి, అది ఎటూ తప్పదు. క్రెడిట్ కార్డు బ్యాంకులో ఫిర్యాదు ఇప్పటికే వేశాను. వారంలోగా మనిషన్నవాడు ఎవరూ ఫోన్ చేయకపోతే ఇల్లినాయ్ అటార్నీ జనరల్ ఆఫీసుకి రాస్తాను, షికాగోలో నాకు తెలిసిన ప్రతి తెలుగు వాట్సాప్ గ్రూపులో ఈ ఉత్తరం పెడతాను. ఫోన్ చేస్తే ముందు మా నాన్నగారితో మాట్లాడండి. "పర్లేదులే నాన్నా" అంటారాయన. ఆ మాట మీరు కూడా ఒకసారి వినాలి.

నిన్న మీ దగ్గర్నుంచి ఒక మెయిలొచ్చింది. ఆత్రంగా తెరిచాను. "జెనీవాలో మీ బస ఎలా ఉంది? ఐదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారు?"

ఇట్లు,
మీ ఆరేళ్ల కస్టమర్
(బుకింగ్ నంబరు పాత మూడు మెయిళ్లలోనూ ఉంది, తెరిస్తే కనిపిస్తుంది.)