కొట్టు ఎందుకు మూశానో, వంశవృక్షం రేటు ఎందుకు పెరిగిందో

బరంపురంలో మన స్టూడియోకి వచ్చేవాళ్ళకీ, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, ఛత్రపురం నుంచి పని పంపేవాళ్ళకీ నమస్కారం.

మొన్న ఇరవై రెండు రోజులు కొట్టు షట్టరు సగమే లేచింది. కుర్రాడు పాస్‌పోర్టు ఫోటోలు, జెరాక్సులు చూసుకున్నాడు. ఈలోగా నాకు గుండెకి స్టెంటు వేశారని ఒకరు, కొట్టు అమ్మేసి విశాఖపట్నం పోతున్నానని ఇంకొకరు అన్నారట. రెండూ కాదు. నేను ఓడెక్కాను.

నాకు అరవై నిండాయి. షష్టిపూర్తి హడావుడి వద్దంటే, అమెరికాలో ఉన్న మా అమ్మాయీ అల్లుడూ కలిసి ఓడ టిక్కెట్టు కొన్నారు. ఉత్త షికారు ఓడ కాదు. కుటుంబ చరిత్ర ఎలా వెతకాలో దారిపొడుగునా పాఠాలు చెప్పే ఓడ. "నాన్నా, నువ్వు చేసేదీ అదే కదా" అంది అమ్మాయి. మొదటి క్లాసు అయ్యేదాకా నేనూ అదే అనుకున్నాను.

ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ రేవు నుంచి ఏడు రాత్రులు. రేవుల్లో ఆగిన రోజు దిగి తిరగడం, సముద్రం మీద ఉన్న రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పాఠాలు. పైన ఈతకొలను చుట్టూ జనం ఎండ కాచుకుంటుంటే, కింద కిటికీల్లేని హాల్లో మేం కొందరం పోయినవాళ్ళ పేర్లు రాసుకుంటూ కూర్చున్నాం. నాకు పక్కన అమ్మాయి కూర్చుని ఇంగ్లీషు అర్థంకాని చోట చెప్పేది. తిండి సంగతి అడక్కండి, మాగాయ సీసా తీసుకెళ్ళబట్టి బతికాను.

మొదటి రోజు పాఠం చెప్పిన పెద్దావిడ, మీ పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల వివరాలు రాయమంది. ఇంతేనా అని చకచకా రాసేశాను. ఆ తర్వాత, ప్రతి వివరం పక్కనా "ఇది నాకెలా తెలుసు" అన్నది రాయమంది. అక్కడ పెన్ను ఆగింది. నా సర్టిఫికెట్లో పుట్టినరోజు జూలై 1. మా తరంలో చాలామంది బళ్ళో చేర్చుకున్న మేష్టారి దయవల్ల జూలై 1నే పుట్టాం. మా అమ్మేమో నేను కార్తీకంలో పుట్టానని చెప్పేది. నా పుట్టినరోజే నాకు రుజువుతో తెలియదు, ఊళ్ళోవాళ్ళ ముత్తాతల తేదీలు మాత్రం బంగారు రంగు అక్షరాల్లో అచ్చేసి ఇస్తున్నాను.

ఆవిడ చెప్పిన ఇంకో మాట నన్ను బాగా పట్టుకుంది. ఒకే కాగితంలో ఒక వివరం గట్టిది, ఇంకోటి వట్టిది కావచ్చు. మరణ ధ్రువపత్రమే చూడండి. పోయిన తేదీ దగ్గరున్నవాళ్ళు అప్పుడే చెప్పింది కాబట్టి నమ్మొచ్చు. అదే కాగితంలో ఉన్న వయసు మాత్రం, ఏడుపుల మధ్య ఎవరో అంచనా కట్టి చెప్పింది. మనం రెండింటినీ ఒకే లెక్కన తీసుకుంటాం. నేనైతే అలాగే తీసుకున్నాను.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇంతవరకు నేను చేసిన వంశవృక్షం పటాలు రెండొందలకు పైనే ఉంటాయి. వాటిలో తప్పులున్నాయి. మీరు చెప్పింది చెప్పినట్టు వేశాను కాబట్టి తప్పు మీదే అని తప్పించుకోవచ్చు గానీ, కొన్ని నేను సొంతంగా చేసినవి.

ఇక్కడి మహురి సంస్థానం రాజు 1672లో రాజమండ్రి నుంచి నేతవాళ్ళని పిలిపించి ఇక్కడ నిలబెట్టాడని మన ఊళ్ళో అంటారు. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర వచ్చినప్పుడల్లా ఈ కథ వినిపిస్తుంది. నేత కుటుంబాలు పటం చేయించుకుంటే పైన "1672, రాజమండ్రి" అని నేనే వేసేవాణ్ణి, అందంగా ఉంటుందని. ఆ కుటుంబం నిజంగా ఆ జట్టులో వచ్చిందో, వందేళ్ళ తర్వాత వచ్చిందో, టెక్కలి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? పటంలో కింద నాలుగు తరాల పేర్లుంటాయి, పైన 1672 ఉంటుంది, మధ్యలో రెండొందల ఏళ్ళు ఖాళీ. ఆ ఖాళీని ఒక తీగ బొమ్మతో కప్పేశాను. డిజైను బాగుందని మెచ్చుకున్నారు కూడా.

రెండోది ఇంతకంటే బాధ. పాత ఫోటోలు ఫ్రేము కట్టడానికి తెస్తారు కదా, అట్ట మీద అంటించినవి. ఫ్రేములో పట్టకపోతే ఆ అట్ట అంచులు కత్తిరించేవాణ్ణి, చెదలు పట్టిన వెనక అట్ట పీకి పారేసేవాణ్ణి. ఆ అంచు మీద స్టూడియో పేరు, ఊరు అచ్చుగుద్ది ఉంటాయి. వెనకాల ఎవరో పెన్సిలుతో రెండు ముక్కలు రాసుంటారు. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ పోయిన కుటుంబాలు మనవైపు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. 1942లో బాంబులకి భయపడి అడవులమ్మట నడిచొచ్చినవాళ్ళు పెట్టెలూ కాగితాలూ తేగలిగారా? ఒంటిమీది గుడ్డలతో వచ్చారు. ఒకరిద్దరి దగ్గర మిగిలింది ఒక్క ఫోటో. దాని అంచు మీద "రంగూన్" అని ఉంటే, వాళ్ళ తాత అక్కడ ఉన్నాడనడానికి ఆ ఇంట్లో అదొక్కటే కాగితం. అలాంటిదాన్ని నేనొకసారి కత్తిరించాను. ఎవరిదో నాకు గుర్తుంది, వాళ్ళింటికి వెళ్ళి చెప్పొచ్చాను. వాళ్ళు "పోనీలెండి మాస్టారూ" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇక ఆడవాళ్ళు. నా పటాల్లో కొడుకుల కొమ్మలు బారుగా సాగుతాయి, కూతుళ్ళు ఆకుల్లా వేలాడతారు, కోడళ్ళకి పుట్టింటి ఇంటిపేరు ఉండదు. "నాన్నమ్మ పేరు ఏదో అమ్మ అండీ" అని వదిలేసిన పటాలు డజను పైనే. ఇది మన ఒక్కళ్ళ జాడ్యం కాదు. దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలకి ఓటర్ల జాబితా కడుతుంటే, చాలాచోట్ల ఆడవాళ్ళు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో, ఫలానావారి తల్లిననో రాయించుకున్నారట. అలాంటి సుమారు 28 లక్షల పేర్లు జాబితాలోంచి కొట్టేయాల్సి వచ్చింది. కానీ మనకి ఒక దారుంది. తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాన్నమ్మ, ఆవిడ అత్తగారి పేర్లు కూడా చెబుతారు. మీ ఇంటి పురోహితుడి దగ్గర పాత నోటుపుస్తకం ఉందేమో అడగండి. పెళ్ళిలో ప్రవర చదివినప్పుడు ముత్తాత దాకా పేర్లొస్తాయి, పెళ్ళి వీడియో ఉంటే ఆ చోట ఆపి వినండి. అమెరికావాళ్ళకి ఇవి లేవు.

వాళ్ళకున్నవి మనకి లేవు, అదీ చెప్పాలి. వాళ్ళ జనాభా లెక్కల్లో మనిషి మనిషి వివరమూ 72 ఏళ్ళ తర్వాత బయటపెడతారు. 1950 లెక్కలు 2022 ఏప్రిల్ 1న వచ్చాయి. హాల్లో ప్రతివాళ్ళూ తాతగారి వీధి, ఇల్లు, ఉద్యోగం ఉన్న కాగితం చూపించుకుంటున్నారు. మన 1948 నాటి జనాభా లెక్కల చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు. కాబట్టి "సెన్సస్‌లో మా తాత పేరు తీయించండి" అని నా దగ్గరకి రాకండి.

మేనరికం దగ్గర నవ్వుకున్నాం. పూర్వీకులకి నంబర్లు వేసే పద్ధతి ఒకటుంది, 1590లో ఐట్సింగర్ అనే ఆయన పుస్తకంలో వేసింది. మీరు 1, నాన్న 2, అమ్మ 3. ఎవరి నంబరైనా రెట్టింపు చేస్తే వాళ్ళ నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్ళమ్మ. ముత్తాతల తరం 8 నుంచి 15 దాకా, ఎనిమిది మంది. నేను నాది వేశాను. మా నాన్నకి సొంత మేనమామ కూతురే మా అమ్మ. అంటే మా నాన్నమ్మా, అమ్మ వాళ్ళ నాన్నా అక్కాతమ్ముళ్ళు. దాంతో 10, 12 ఒకే మనిషి అయ్యారు, 11, 13 ఒకే మనిషి. ఎనిమిది మంది ఉండాల్సిన చోట ఆరుగురే తేలారు. నేను తప్పు రాశాననుకుని పాఠం చెప్పేవాళ్ళొకరు వచ్చి రెండుసార్లు చూశారు. అమ్మాయి వివరించి చెప్పాక, మేనమామనే చేసుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. అప్పుడు ఒకే దంపతులు తాతా నాన్నమ్మల వరసలోనూ వస్తారు, ముత్తాతల వరసలోనూ వస్తారు. ఆ సాయంత్రం మా బల్ల దగ్గర జనం చేరారు.

నవ్వులాటే గానీ ఇందులో డబ్బు విషయం ఉంది. డీఎన్ఏ కిట్లు తెప్పించి అమ్మమని మీలో కొందరు అడిగారు. అమ్మను. పెద్దమ్మ, పినతల్లి, బాబాయి పిల్లలతో మనకి సగటున ఎనిమిదో వంతు డీఎన్ఏ కలుస్తుందనీ, చుట్టరికం దూరమయ్యేకొద్దీ తగ్గుతుందనీ లెక్క. తరతరాలుగా మేనరికాలూ, ఒకే కులంలో నాలుగూళ్ళ సంబంధాలూ చేసుకున్న మన ఇళ్ళల్లో, దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. తెలిసినవాళ్ళు చదివితే పనికొస్తుంది, ఊరికే చూస్తే ఇంట్లో గొడవలొస్తాయి.

ఇప్పుడు డర్బన్ ఆవిడ సంగతి. భోజనాల దగ్గర పరిచయం. పేరు చివర నాయుడు, వాళ్ళు పలికేది "నైడూ" అని. తెలుగు రాదు, కానీ పులిహోర అన్న మాట వచ్చు. వాళ్ళ ముత్తాత మద్రాసులో ఓడెక్కి చెరకు తోటల్లో పనికి దక్షిణాఫ్రికాలోని నాటాల్ పోయాడు, డర్బన్ అక్కడి రేవే. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మొదటి జట్టుని డర్బన్‌లో దింపింది, 1911 దాకా లక్షన్నర మందికి పైగా మనదేశం నుంచి అలా వెళ్ళారు. ఓడ జాబితాలో ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు కూడా రాసుకున్నారు. ఆవిడ ఫోన్లో చూపించిన కాగితంలో జిల్లా గంజాం. ఆవిడ ఎనిమిదేళ్ళుగా ఒడిశా మ్యాపు ముందేసుకుని గంజాం జిల్లాలో ఆ ఊరు వెతుకుతోంది. మా పూర్వీకులు ఒరియావాళ్ళేమో, తెలుగెలా వచ్చిందో అని ఒక వ్యాసం కూడా రాసుకుంది.

తాలూకా చోట "చికాకోల్" అని ఉంది. చూడగానే నవ్వొచ్చింది. చికాకోల్ అంటే మన శ్రీకాకుళం! 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. శ్రీకాకుళం, టెక్కలి అన్నీ గంజాం జిల్లాలోవే. ఆ రోజున బరంపురం ఇటు ఒడిశాలోకొచ్చింది, శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలోకి పోయింది, 1950లో సొంత జిల్లా అయింది. అంటే ఆవిడ ఎనిమిదేళ్ళుగా గీతకి తప్పు వైపున వెతికింది. ఓడ నిండా గురువులుండగా ఆ ముక్క చెప్పడానికి బరంపురం ఫోటోవాడు కావలసొచ్చాడని మా అమ్మాయి ఇప్పటికీ అందరికీ ఫోన్లు చేసి చెబుతోంది. నేనూ వద్దనడం లేదు.

ఆ గీత మన కాగితాల మధ్య నుంచి కూడా పోయింది. 1936కి ముందువి చాలావరకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ వైపు చూడాలి, తర్వాతివి భువనేశ్వర్ వైపు. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న పాత దస్తావేజులు తెలుగులో ఉంటే, పిల్లలకి చదవడం రాదని తూకానికి వేసేయకండి. అమ్మినవాడు, కొన్నవాడు, వాళ్ళ తండ్రులు, ఊరు, సాక్షులు, అన్నీ అందులో ఉంటాయి. సాక్షి సంతకం చేసినవాడు తరచూ బావమరిదో వియ్యంకుడో అవుతాడు. తెచ్చి చూపిస్తే చదివి పెడతాను, దానికి డబ్బు తీసుకోను.

పటం పని మాత్రం మారింది. ఇకపై రుజువు కాగితం ఉన్న పేరు నల్ల అక్షరాల్లో, పెద్దలు చెప్పిన పేరు గోధుమ రంగులో వేస్తాను. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో పటం వెనకాల చిన్నగా ఉంటుంది. ఊహ అయితే వేయను. వారంలో ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు నెల పడుతుంది. రేటు రెండువేల ఐదొందల నుంచి నాలుగువేలు చేశాను. కొందరు పక్కవీధికి పోతారు, పోనివ్వండి. పాతవాళ్ళు పటం తెస్తే మళ్ళీ ఉచితంగా చేస్తాను, ఫ్రేము ఖర్చు ఒక్కటే మీది. అందరూ ఒకేసారి రాకండి, ఈ ప్రయాణంలో అల్లుడి డబ్బు కాకుండా నాది కూడా చాలా పోయింది, మూడు పెళ్ళి ఆర్డర్లు తప్పాయి.

ఇంకొకటి, చెప్పడానికి ఇబ్బందిగా ఉంది. వేరే కులంలో చేసుకుందని కూతురి పేరు, సరిపడక వెళ్ళిపోయిందని మొదటి భార్య పేరు తీసేయమని అడిగేవాళ్ళున్నారు. ఇన్నాళ్ళూ తీసేశాను. ఇకమీద తీయను. ఇష్టం లేకపోతే ఆ తరం దగ్గరే పటం ఆపేద్దాం.

డర్బన్ ఆవిడ ఊరి పేరు ఇంకా తేలలేదు. గుమాస్తా ఇంగ్లీషులో రాసింది కొత్తపేటో, కొత్తపాలెమో, కొత్తవలసో, చివర తడిసి చెరిగిపోయింది. శ్రీకాకుళం చుట్టుపక్కల నుంచి నాటాల్‌కి మనుషులు పోయారని ఇంట్లో విన్నవాళ్ళెవరైనా ఉంటే, సాయంత్రం ఆరు తర్వాత కొట్టుకి రండి. ఆ కాగితం ప్రింటు తీసి కౌంటరు అద్దం కింద పెట్టాను.