ప్రీ-ఆర్డర్ కట్టేయనా అని అడిగిన అమ్ములుకి

చి. అమ్ములుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నువ్వు ఫోన్ చేశావా అని నానమ్మ రోజూ అడుగుతోంది, పడుకునే ముందు ఓ రెండు నిమిషాలు ఆవిడతో మాట్లాడు.

నువ్వు పంపిన కొత్త వీడియో గేమ్‌ల ట్రైలర్లు రెండూ చూశాను. 'జూడాస్' ఒకటి, మొదటి 'హేలో'ని మళ్ళీ కొత్తగా తయారుచేస్తున్నది ఇంకొకటి. "ప్రీ-ఆర్డర్ తెరవగానే కట్టేయనా నాన్నా?" అన్నావు, అంటే ఆట విడుదల కాకముందే డబ్బు కట్టేయడం. వద్దు అని వాట్సాప్‌లో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అలా చెబితే మీ నాన్నకి ఆటలంటే పడదనుకుంటావు. మీ అమ్మనడుగు, నిజమేంటో చెబుతుంది.

బ్రాడీపేటలో మన నెట్ సెంటర్ నువ్వు పుట్టేలోపే మూసేశాం కాబట్టి నీకు తెలీదు. పగలంతా రిజల్ట్స్ చూసుకునేవాళ్ళు, రెజ్యూమేలు టైప్ చేయించుకునేవాళ్ళు. సాయంత్రం ఎంసెట్ కోచింగ్ వదలగానే సైకిళ్ళన్నీ గుమ్మం ముందే. లోపలికి వచ్చినవాడు వచ్చినట్టే మౌస్ తిరగేసి, కింద మూత తిప్పి, బంతి బయటికి తీసేవాడు. లోపల చిన్న చిన్న రోలర్ల చుట్టూ నల్లటి మురికి పట్టీలా పేరుకునేది. గోటితో గీకి, ఉఫ్ అని ఊది, బంతి మళ్ళీ వేసి, అప్పుడు కూర్చునేవాడు. లేకపోతే సరిగ్గా గురి పెట్టే సమయానికి మౌస్ ఇరుక్కుపోయేది. ఇప్పుడు నీ మౌస్‌కి రంగురంగుల లైట్లున్నాయి గానీ దాని కడుపులో ఏముందో నువ్వెప్పుడైనా చూశావా?

ఎక్కువమంది అడిగేది ఐజీఐ అనే గూఢచారి ఆట. 2000 డిసెంబర్‌లో వచ్చింది, నార్వేలోని ఇన్నర్‌లూప్ వాళ్ళు చేశారు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు. అరగంట పాకుతూ, కెమెరాలు తప్పించుకుంటూ, చేతిలోని చిన్న కంప్యూటర్‌లో శాటిలైట్ మ్యాప్ చూసుకుంటూ చివరిదాకా వచ్చి, ఒక్క అలారం మోగితే మొదటికి రావాల్సిందే. ఆ అలారం మోగిందంటే సెంటర్‌లో అందరూ పని ఆపి ఆ కుర్రాడి వైపు చూసేవాళ్ళు. ఆటలో లోపాలు బోలెడు, శత్రువులు ఎక్కడినుంచి పుట్టుకొస్తారో తెలిసేది కాదు. అయినా ఆ టెన్షన్ తర్వాత వచ్చిన ఎంత అందమైన ఆటలోనూ నాకు దొరకలేదు. సేవ్ ఉంటే ఆ ఆటలో ఇంకేం మిగలదు.

మూలన ఒక పాత పెంటియం కంప్యూటర్ ఉండేది. కొత్త ఆటలేవీ దాని మీద నడవవు, అందుకని దాన్లో రాక్షసుల్ని కాల్చే ఆట డూమ్ వేశాను. సీడీ ఎక్కడిదని అడక్కు. 1993 డిసెంబర్ ఆట అది. డూమ్‌లో తల పైకెత్తి చూడలేం, ఎగరలేం, గది మీద గది ఉండదు. మ్యాప్ నిజానికి నేల మీద గీసిన ప్లాన్, ఒక్కో చోటికి నేల ఎత్తు, కప్పు ఎత్తు ఇంత అని రెండు అంకెలు ఇచ్చారంతే. ఇంత కట్టుబాటులో ఉండి కూడా ఆ ఆట అంత వేగంగా ఎలా నడుస్తోందా అని అప్పట్లో తెగ ఆలోచించేవాణ్ణి. ఇంప్ అనే రాక్షసుడు విసిరే నిప్పుముద్ద మెల్లగా వస్తుంది, చూసి పక్కకి తప్పుకోవచ్చు. ఆ ముద్ద దారిలో వేరే జాతి రాక్షసుడికి తగిలితే వాడు మనల్ని వదిలేసి ఇంప్ మీద పడతాడు. ఇది తెలిశాక ఆడే పద్ధతే మారిపోతుంది. తూటాలు దాచుకుని, వాళ్ళ మధ్యలోంచి పరుగెత్తి, వాళ్ళలో వాళ్ళకి తగువు పెట్టడం మొదలెడతాం. నిలబడి కాల్చేవాడు చస్తాడు, కదిలేవాడు బతుకుతాడు. ఈ మధ్య వచ్చిన చాలా ఆటల్లో గోడ వెనక దాక్కుని ప్రాణం నిండేదాకా కూర్చోవడమే పని. అది నాకు నచ్చదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. డూమ్‌ని ఎలా అమ్మారో తెలుసా? మూడు భాగాల ఆటలో మొదటి భాగం మొత్తం ఉచితంగా వదిలేశారు, ఎవరికైనా కాపీ చేసి ఇచ్చుకోమన్నారు. నచ్చితే మిగతా రెండు భాగాలకి డబ్బు కట్టాలి. పుచ్చకాయ బండివాడు ముక్క కోసి, ఎర్రగా ఉందని చూపించి అమ్మినట్టు. మా రోజుల్లో కూడా డిజిట్ పత్రిక కొంటే దాంతో వచ్చే సీడీలో డెమోలుండేవి. ఒక లెవెల్ ఆడి చూసుకుని, నచ్చితేనే మిగతాది ఎలా సంపాదించాలా అని ఆలోచించేవాళ్ళం. ఇప్పుడు పద్ధతి తిరగబడింది. ముందు వేలల్లో డబ్బు కట్టు, తుపాకీకి బంగారు రంగు ఇస్తాం, ఆట సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు. డౌన్‌లోడ్ ఆట స్టాక్ అయిపోదు కదమ్మా, ముందే కొనడం ఎందుకు?

ఎదురుచూడొద్దని మాత్రం అనను. ఎదురుచూడటంలో నేను నీకన్నా సీనియర్ని. వాల్వ్ కంపెనీ వాళ్ళు తమ తుపాకీ ఆట హాఫ్-లైఫ్ 2 ని 2003 సెప్టెంబర్ 30న ఇస్తామన్నారు. వాయిదా పడింది. ఆ తర్వాత కొద్దిరోజులకే దాని సోర్స్ కోడ్, అంటే ఆటని రాసిన అసలు ప్రోగ్రామ్, దొంగలపాలైంది. చివరికి 2004 నవంబర్‌లో వచ్చింది. గ్రావిటీ గన్‌తో రంపపు చక్రం లాగి జాంబీ మీదికి విసిరిన మొదటిసారి మీ బాబాయి కుర్చీలోంచి లేచి అరిచాడు. ఏడాదికి పైగా ఆలస్యమైనా ఆ ఆట మీద నాకు కోపం రాలేదు. అదే డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ సంగతి చూడు. 1997లో ప్రకటించి 2011లో తెచ్చారు. పద్నాలుగేళ్ళు! వచ్చాక చూస్తే ఏముంది, పాత జోకులు, పాత లెవెళ్ళు. ఎక్కువ కాలం తీసుకుంటే మంచి ఆట అవుతుందన్న గ్యారంటీ లేదు. స్టాకర్ 2 అయితే మరీ విచిత్రం. కీవ్ వాళ్ళ ఆట. 2010లో ప్రకటించారు, రద్దు చేశారు, మళ్ళీ మొదలెట్టారు. 2022లో యుద్ధం మీదపడి చాలామంది ప్రాగ్‌కి తరలిపోవాల్సి వచ్చింది. అయినా 2024 నవంబర్‌లో విడుదల చేశారు. అందులో బగ్గులున్నాయని ఎవరైనా సణిగితే నాకు చిరాకొస్తుంది.

హాఫ్-లైఫ్ మాటెత్తాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఆ కథకి కొనసాగింపైన ఎపిసోడ్ టూని 2007లో ఉత్కంఠ దగ్గర ఆపేశారు. ఎపిసోడ్ త్రీ రానేలేదు. 2024లో హాఫ్-లైఫ్ 2 కి ఇరవయ్యేళ్ళైన సందర్భంగా వాల్వ్ వాళ్ళు ఒక డాక్యుమెంటరీ పెట్టారు, అందులో ఆగిపోయిన ఎపిసోడ్ త్రీ దృశ్యాలు కొన్ని చూపించారు. మంచు గడ్డలు కట్టించే తుపాకీ ఒకటి ఉంది. అది చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే మీ అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. 2020లో హాఫ్-లైఫ్: అలిక్స్ వచ్చింది గానీ దానికి ఆ వీఆర్ కళ్ళజోడు పెట్టె కావాలి, మన ఇంట్లో ఎవరు కొంటారు?

ఇంకో సంగతి. నువ్వూ నీ రూమ్మేట్లూ ఆడే వాలరంట్ ఉందే, రౌండ్ మొదట్లో డబ్బు లెక్క చూసుకుని తుపాకీ కొనడం, ఒక జట్టు బాంబు పెట్టడం, ఇంకో జట్టు దాన్ని ఆపడం, ఇదంతా కౌంటర్-స్ట్రైక్ వేసిన బాట. ఆ కౌంటర్-స్ట్రైక్ ఏ కంపెనీ ప్లాన్ చేసిందీ కాదు. మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు హాఫ్-లైఫ్ మీద మోడ్‌గా, అంటే ఉన్న ఆటనే మార్చి కొత్త ఆటగా, చేసి 1999లో ఉచితంగా వదిలారు. జనం ఎగబడ్డాక వాల్వ్ కంపెనీ ఆ ఇద్దర్నీ పిలిచి 2000లో దుకాణాల్లోకి తెచ్చింది. మన సెంటర్‌లో కౌంటర్-స్ట్రైక్ 1.6 నడిచినప్పుడు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఒక మెషిన్ సర్వర్, మిగతావన్నీ దానికి కేబుల్. నెట్ పోయినా ఆట ఆగేది కాదు. కరెంటు పోతేనే ఆగేది, అప్పుడు యూపీఎస్‌లన్నీ కీచుమంటుంటే "అన్నా, ఈ రౌండ్ ఒక్కటి!" అని బతిమాలేవాళ్ళు.

నువ్వు ఏ కొత్త ఆట కోసం ఎదురుచూస్తున్నా నేను అడిగేది ఇదే. కంపెనీ సర్వర్ ఆపేస్తే ఆ ఆట నీ దగ్గర మిగులుతుందా? మ్యాపులు, మోడ్లు చేసుకోనిస్తారా? ఆన్‌లైన్‌లో మాత్రమే ఆడే కాంకార్డ్ చూశావుగా, 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6న మూతపడింది. ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ కష్టం రెండు వారాల్లో మాయం. కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కిచ్చారు, అది నిజం. కానీ ఇప్పుడు చూద్దామన్నా దాన్ని మామూలుగా ఆడే దారి లేదు. డూమ్ సోర్స్ కోడ్‌ని మాత్రం 1997లోనే బయటపెట్టారు. అందుకే ఇవాళ కాలిక్యులేటర్ మీద కూడా దాన్ని ఆడిస్తున్నారు. డూమ్ చేసినవాళ్ళలో ఒకడైన జాన్ రొమెరో 2019లో దానికి సిజిల్ అని కొత్త భాగం రాసి ఉచితంగా ఇచ్చాడు. ఆడు, చాలా కష్టంగా ఉంటుంది, నేను రెండో మ్యాప్‌లోనే చచ్చిపోతున్నాను.

ఈ లెక్కన నీ హేలో ఫరవాలేదు. ఒకరితో ఒకరు కొట్టుకునే ఆన్‌లైన్ భాగం ఇందులో లేదు, కథే ఉంది, తోడుగా స్నేహితుల్ని కలుపుకుని ఆడొచ్చు. 2001లో అది ప్లేస్టేషన్‌కి పోటీ అయిన ఎక్స్‌బాక్స్‌తో పాటు వచ్చినప్పుడు మాకు దూరం నుంచి ఫొటోలు చూడటమే, 2003లో పీసీకి వచ్చాక గానీ చేతికందలేదు. ఇప్పుడు ప్లేస్టేషన్‌కి కూడా వస్తోందంటే నవ్వొచ్చింది, అప్పట్లో ఈ మాట అంటే సెంటర్‌లో కొట్టుకునేవాళ్ళు. దెబ్బలు తిన్న షీల్డ్ (రక్షణ కవచం) మళ్ళీ నిండే పద్ధతిని అందరికీ అలవాటు చేసింది హేలోనే. కానీ అందులో షీల్డ్ కింద ప్రాణం వేరే ఉంటుంది, అది తనంతట తాను నిండదు, మెడికిట్ వెతుక్కోవాలి. మోయగలిగేది రెండు తుపాకులే, దేన్ని వదలాలో ప్రతిసారీ తేల్చుకోవాలి. తర్వాత కాపీ కొట్టినవాళ్ళు మెడికిట్ వదిలేసి దాక్కోవడం ఒక్కటే పట్టుకున్నారు. కొత్తదాంట్లో పరుగెత్తే వీలు కూడా ఇచ్చారట. నడక వేగానికి కొలిచి కట్టిన ఆ మైదానాల్లో పరుగెత్తితే ఎలా ఉంటుందో నాకు అనుమానమే.

జూడాస్ మీద మాత్రం నీకన్నా నాకే ఆత్రం ఎక్కువ. దాన్ని తయారుచేస్తున్న కెన్ లెవీన్ ఆటలు నీకు అలవాటు చేసిందే నేను. సిస్టమ్ షాక్ 2, బయోషాక్, రెండూ ఆయనవే. నువ్వు టెన్త్ సెలవుల్లో బయోషాక్‌లో సముద్రం అడుగున ఆ నగరంలోకి గుండ్రటి జలాంతర్గామి గోళంలో దిగుతూ "నాన్నా, ఇది ఆటా సినిమానా" అన్నావు. బయోషాక్ ఇన్ఫినిట్ 2013లో వచ్చింది, ఆ తర్వాత ఆయన నుంచి ఇంత పెద్ద ఆట లేదు. జూడాస్‌ని 2022 డిసెంబర్‌లో ప్రకటించారు. మనం చేసే పనిని బట్టి పాత్రలు మనతో స్నేహమో శత్రుత్వమో పెట్టుకుంటాయంటున్నారు. అది ట్రైలర్‌లో తేలే సంగతి కాదు. ఆడినవాళ్ళు చెప్పాలి, లేదా మనమే ఆడాలి.

కాబట్టి డబ్బు నా దగ్గరే ఉంచుతాను. ఆట వచ్చిన వారానికి, నీ లాప్‌టాప్ మీద సరిగ్గా నడుస్తుందని తేలాక, అడిగిన రోజే పంపిస్తాను. సెమిస్టర్ పరీక్షల వారంలో మాత్రం అడక్కు, మీ అమ్మ ఊరుకోదు. దసరాకి వచ్చేటప్పుడు నీ మంచి హెడ్‌సెట్ తీసుకురా. బాబాయి వాళ్ళబ్బాయి కూడా వస్తున్నాడు, వాడికి ఐజీఐ మొదటి మిషన్ ఇచ్చి కూర్చోబెడదామని ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసి ఉంచాను. సేవ్ బటన్ ఎక్కడుందని వాడు అడిగినప్పుడు నువ్వు నోరు విప్పకు.

ఇట్లు,
నాన్న