మోటారు మధ్యాహ్నం వేద్దాం, విద్యుత్ నియంత్రణ మండలికి అభ్యంతరం రాద్దాం

సంపాదకులకు నమస్కారం.

కరెంటు ఆదాపై వచ్చే సలహాలు చాలావరకు ‘ఎంత వాడుతున్నాం’ అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. ఏ వేళ వాడుతున్నామన్నదీ అంతే ముఖ్యం. మిట్టమధ్యాహ్నం గ్రిడ్‌లో సౌర విద్యుత్ పుష్కలంగా ఉంటుంది. బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రాలను మాత్రం సాధారణంగా వాటి సామర్థ్యంలో 55 శాతం కంటే కిందికి దించరు. దించితే బాయిలర్‌లో మంట నిలకడ తప్పుతుంది, సాయంత్రానికి మళ్లీ పైకి తేవడమూ కష్టమే. అందువల్ల పగటి వాడకం చాలనప్పుడు సోలార్ ప్లాంట్లనే ఉత్పత్తి తగ్గించుకోమంటారు. రాత్రి ఏడింటికి సూర్యుడు ఉండడు, లోటులో ఎక్కువ భాగాన్ని బొగ్గే పూడుస్తుంది.

కాబట్టి ముందు మార్చవలసింది వేళలు. ట్యాంకు నింపే ఒక హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్ పనులను ఉదయం పది, మధ్యాహ్నం మూడు గంటల మధ్యకు మళ్లించవచ్చు. ఆ వేళ ఇంట్లో ఎవరూ ఉండకపోతే టైమర్ పెట్టాలి. అయితే చిన్న ప్లగ్ టైమర్‌కు మోటారును నేరుగా తగిలించకూడదు. స్టార్టయ్యేటప్పుడు మోటారు మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది, టైమర్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి మోటారు ఆగకుండా తిరగవచ్చు. టైమర్ కాంటాక్టర్‌ను (ఎక్కువ కరెంటును తట్టుకునే స్విచ్‌ను) నడపాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి. ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్, బోరులో నీళ్లు లేనప్పుడు ఆపే డ్రై రన్ రక్షణ తప్పనిసరి.

ఫ్యాన్ల లెక్క వేరు. వాటిని రాత్రి ఆపమనలేం, మార్చుకోమనగలం. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యానుకు (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం మోటారు ఉన్నది) 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగే ఒక్క ఫ్యాను మీద ఏడాదికి దాదాపు 245 యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున చూస్తే 170 కిలోలు. బీఎల్‌డీసీ ఫ్యానును పాత రెగ్యులేటర్ మీదుగా కలపకండి. రెగ్యులేటర్‌ను తప్పించి నేరుగా స్విచ్‌కు ఇప్పించాలి, లేకుంటే ఫ్యాను ఆగి ఆగి తిరిగి లోపలి సర్క్యూట్ పోవచ్చు. ‘బీఎల్‌డీసీ పనికిరాదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడివే.

ఇంటి మీద సోలార్ పెట్టుకున్నవారికి తరచూ ఎదురయ్యే సమస్య వోల్టేజీ. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద పది ఇళ్లు మధ్యాహ్నం కరెంటును బయటికి పంపితే, అందులోనూ సింగిల్ ఫేజ్ సోలార్ ఇన్వర్టర్లన్నీ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పరికరాలు) ఒకే ఫేజ్ మీద, అంటే లైనులోని మూడు కరెంటు తీగల్లో ఒక్కదాని మీదే ఉంటే, లైనులో వోల్టేజీ హద్దు దాటుతుంది. ఇన్వర్టర్లు తమంతట తామే ఆగిపోతాయి. ఎండ బాగా ఉన్నప్పుడే ఉత్పత్తి పోతుంది, యజమాని మాత్రం ప్యానెళ్ల మీద దుమ్మే కారణమనుకుని కడుగుతుంటాడు. పగటి వాడకం పెంచుకుంటే కొంత ఉపశమనం. అసలు మందు ఫేజ్‌ల మధ్య ఇళ్లను సమంగా పంచడం, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (బయటికిచ్చే వోల్టేజీని మార్చే అమరిక) సరిచేయడం. ఈ రెండూ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) చేతిలోని పనులు.

ఇంటి గడప దాటి విధానం దాకా వెళ్లక తప్పదనడానికి కారణం ఇదే. దారి కూడా చట్టంలోనే ఉంది. విద్యుత్ చట్టం 2003లోని 64వ సెక్షన్ ప్రకారం టారిఫ్ (చార్జీల) ప్రతిపాదనలను డిస్కంలు ప్రకటించాలి, ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే చార్జీలను ఖరారు చేసే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ నోటీసు మీలాంటి పత్రికల్లోనే వస్తుంది. దాన్ని చాలామంది ప్రకటన అనుకుని పేజీ తిప్పేస్తారు!

అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సౌర వేళల్లో చార్జీ మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలంటున్నాయి. ఆ వేళలేవో నిర్ణయించి టారిఫ్‌లో చేర్చవలసింది రాష్ట్ర మండళ్లే. వేళను గుర్తించే మీటరు లేని ఇంటికి ఆ రాయితీ అందదు కనుక మీటర్ల కార్యక్రమం గురించీ అడగాలి. అదే సమయంలో సాయంత్రపు అదనపు చార్జీ నుంచి తక్కువ స్లాబుల ఇళ్లను మినహాయించాలని మా అభిప్రాయం. రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇల్లు వేళ మార్చుకోగలిగేది ఏముంది? అవే నిబంధనల 2024 సవరణ ప్రకారం 5 కిలోవాట్ల వరకు ఇంటి సోలార్‌కు అవసరమైన లైన్ల బలోపేతం డిస్కం సొంత ఖర్చుతో చేయాలి. ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర చేశారో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎంత సోలార్ ఉందో ప్రకటించమని కోరాలి. సొంత పైకప్పు లేని అపార్టుమెంటు వాసులు వర్చువల్ నెట్ మీటరింగ్ (వేరే చోటున్న ఉమ్మడి సోలార్ కరెంటులో తమ వాటాను తమ బిల్లులో తగ్గించే పద్ధతి) అడగాలి.

‘చార్జీలు పెంచొద్దు’ అని ఒక్క వాక్యం రాస్తే ఫలితం తక్కువ. ప్రతిపాదనలోని పేరా సంఖ్య, పట్టిక సంఖ్య చూపి ప్రశ్న వేస్తే డిస్కం దానికి నిర్దిష్టంగా జవాబివ్వాల్సి వస్తుంది. సర్వీసు నంబరు, చిరునామా రాసి ఒక ప్రతి మండలికి, ఒక ప్రతి డిస్కంకు గడువులోగా పంపి రసీదు దాచుకోవాలి. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ గొడవ ఇందులో కలపకండి, దానికి వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక వేరే ఉంది. బహిరంగ విచారణలో మాట్లాడదలిస్తే ఆ సంగతి అభ్యంతర పత్రంలోనే రాయండి.

ఇట్లు,
కొందరు విద్యుత్ వినియోగదారులు