మా బ్యాండుసెట్టుకు వారానికి రెండు సాయంత్రాలు ఇప్పించండి

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. ప్రాక్టీసుకు మా వార్డు కమ్యూనిటీ హాలు ఇప్పించమని మూడు అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు. అందుకే నలుగురూ చూసేలా రాస్తున్నాను.

తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో, చీరలు కట్టి మొక్కు తీర్చుకునే మగవాళ్ల ముందు మేం వాయిస్తూ నడిచేవాళ్లం. డీజేలొచ్చాక పిలుపులు తగ్గి, ఎవరి దారి వాళ్లం చూసుకున్నాం. 22 ఏళ్ల తర్వాత, పోయినేడు మళ్లీ కలిశాం. అయిదుగురమే మిగిలాం. అందరిలో చిన్నవాడికి 66.

మా క్లారినెట్ ఆయనకు ఇప్పుడు కట్టుడు పళ్లు. రీడు మీద పట్టు దొరక్క మొదటి నెలంతా గాలే వచ్చింది. 'సరస్వతి అలిగింది' అని ఆయనే నవ్వాడు. ఇప్పుడు శంకరాభరణం పలికిస్తున్నాడు. డ్రమ్ము ఆయన భార్య పోయాక మాటలే తగ్గించేశాడు. ప్రాక్టీసు రోజున మాత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుని రెండు గంటల ముందే సిద్ధమవుతాడని కోడలు చెప్పింది.

అద్దె ఇంట్లో ట్రంపెట్ ఊదితే ఓనరు ఊరుకుంటాడా? శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కింద వాయించి చూశాం. బస్సుల హారన్లలో మా డ్రమ్మే మాకు వినబడలేదు.

మా వార్డులోని కమ్యూనిటీ హాలుకు సాయంత్రాలు తాళమే. మంగళ, శుక్రవారాల్లో 4 నుంచి 6 గంటల వరకు మాకు ఇప్పించండి. కరెంటు బిల్లు కడతాం, ఊడ్చి తాళం అప్పగిస్తాం. కుదరదంటే, కారణం 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
ట్రంపెట్ వాయించేవాడు,
తిరుపతి