పాత నాటకం చేతికి ఫోన్ ఇస్తే సరిపోదు

సంపాదకులు గారికి,

పాత నాటకాలు పిల్లలకు ఎక్కడం లేదనగానే పాత్రల చేతికి ఫోన్ ఇచ్చేసి ఆధునికం చేశామంటున్నారు, అక్కడే ఒళ్లు మండుతుంది. నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ నాటకం 1879 నాటిది. భర్త ప్రాణం కోసం తండ్రి సంతకం ఫోర్జరీ చేసి అప్పు తెచ్చిన నోరా, అది తెలిశాక తన పరువు కోసమే గింజుకునే ఆ భర్త, ఇందులో కొత్తగా అతికించాల్సింది ఏముంది? నాటకం చివర్లో నోరా ఇల్లు వదిలి వెళ్లడం అక్కడివాళ్లకు మింగుడుపడకపోతే జర్మనీ ప్రదర్శనకు ఇబ్సెనే వేరే ముగింపు రాయాల్సొచ్చింది. క్లాసులో ఆ రెండు ముగింపులూ పిల్లలచేతే ఆడించి, ఏది నమ్మబుద్ధేస్తుందో వాళ్లనే వాదించుకోనివ్వండి (సారాంశాలు, మార్కుల ప్రశ్నలు ఎలాగూ తప్పవు). పెద్దల ప్రదర్శనలకు నిడివి తగ్గించండి, ఫర్వాలేదు. కానీ చివర్లో భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సన్నివేశం జోలికి మాత్రం వెళ్లకండి.

– ఒక నాటకాభిమాని