మకాతీ వెళ్తున్న స్రవంతికి

చి. స్రవంతికి,

నాన్న ఆశీస్సులు.

ఆగస్టు నుంచి మూడు నెలలు ఫిలిప్పీన్స్‌లో, మనీలా మహానగరంలోని మకాతీ ఆఫీసులో పని అన్నావు. బట్టలు, టికెట్లు నువ్వు చూసుకుంటావు. నేను రాసేది అక్కడి మనుషులతో మాట్లాడే పద్ధతి గురించి. ఎందుకంటే అక్కడ మనవాళ్ళు పడే ఇబ్బందుల్లో చాలావరకు ఒక్కచోటే మొదలవుతాయి. ఎదుటి మనిషి మొహం మీద ‘కాదు’, ‘లేదు’ అని చెప్పడం ఫిలిప్పీన్స్ వాళ్ళకు మహా కష్టం. ‘హియా’ అని వాళ్ళకొక మాట ఉంది. సిగ్గు, మొహమాటం, పరువు మూడూ అందులోనే ఉన్నాయి. అబద్ధమాడాలని కాదు, నిన్ను చిన్నబుచ్చకూడదని ఔనంటారు. అందుకని ఔను, కాదుల్లో తేలిపోయే ప్రశ్న అక్కడ అడగకు. హోటల్లో అయినా, ఆఫీసులో అయినా, రోడ్డు మీద దారి అడిగినా ఇంతే.

నువ్వు శాకాహారివి కనుక ముందు తిండి సంగతి. ‘ఇందులో మాంసం ఉందా?’ అంటే ‘లేదు మేడమ్’ అంటారు. మాంసాన్ని వాళ్ళు కార్నె అంటారు, వాళ్ళ లెక్కలో అది పంది, గొడ్డు మాంసం. చేప, రొయ్య దాని కిందికి రావు. పతీస్ అంటే చేపల నుంచి తీసిన ఉప్పటి నీరు, బగోఓంగ్ అంటే ఉప్పులో ఊరబెట్టిన రొయ్యల, చేపల ముద్ద. మనం ఉప్పు వేసినట్టు వాటిని కూరల్లో వేస్తారు. పినక్‌బెత్ కూర చూస్తే ప్రాణం లేచొస్తుంది. గుమ్మడికాయ, వంకాయ, బెండకాయ, కాకరకాయ, పొడుగు చిక్కుళ్ళు అన్నీ మనవే. కానీ దానికి రుచి తెచ్చేది బగోఓంగే. శుక్రవారాల్లో చాలా ఇళ్ళలో, హోటళ్ళలో పెసలు వండుతారు, మొంగ్గో అంటారు. మునగాకు కూడా వేస్తారు. అచ్చం మన పప్పే అనిపిస్తుంది, కానీ అందులో పంది ముక్కలో, పొగబెట్టిన చేపో పడుతుంది. లాయింగ్ అంటే కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకులు, అందులోనూ ఎండుచేపో, రొయ్యో, పంది మాంసమో ఉంటుంది. తూటికూర వేపుడులో ఆయిస్టర్ సాస్ పడుతుంది. పెసరపూర్ణం పెట్టిన హోపియా అనే బిళ్ళలు బేకరీల్లో ఉంటాయి, పాత పద్ధతిలో వాటి పైపొరకు పందికొవ్వు వాడతారు.

కాబట్టి ‘అనో పో అంగ్ సాహోగ్?’ అని అడుగు. అందులో ఏమేం వేశారు అని. అప్పుడు వాళ్ళే ఒక్కొక్కటీ చెప్పుకొస్తారు, నీకు కావలసింది అందులో దొరుకుతుంది. ఆ తర్వాత వద్దన్నవి పేరుపేరునా చెప్పు: వలాంగ్ బాబోయ్ (పంది వద్దు), వలాంగ్ మనోక్ (కోడి), వలాంగ్ ఇస్డా (చేప), వలాంగ్ హీపోన్ (రొయ్య), వలాంగ్ పతీస్, వలాంగ్ బగోఓంగ్. కాగితం మీద రాసుకుని వంటవాడికి చూపిస్తే ఇంకా మంచిది. సూపులోకి కోడి, పంది రసం బిళ్ళలు వేస్తారు, సూపు జోలికి పోకు. వెల్లుల్లి అన్నం ఏ నూనెలో వేయించారో అడిగాకే తిను.

ధైర్యంగా తినదగ్గవీ ఉన్నాయి. పొద్దున్నే భుజాన కావడి వేసుకుని ‘తహో’ అని అరుస్తూ వస్తారు. వేడివేడి మెత్తటి సోయా ముద్ద మీద బెల్లం రంగు పాకం, సగ్గుబియ్యం వేసి ఇస్తారు. ఉడకబెట్టిన సబా అరటికాయ, మొక్కజొన్న, అరటాకులో చుట్టి ఆవిరి పెట్టిన జిగురుబియ్యం సుమాన్ కూడా నీకు పనికొస్తాయి.

గదిలో వండుకుంటే సగం బాధ తీరుతుంది. బియ్యం కొట్లో ఒక్కో డబ్బా మీద బియ్యం గుణం రాసి ఉంటుంది. ‘మలంబోత్’ అంటే మెత్తన, ముద్దవుతుంది. ‘మాఅల్సా’ అంటే ఉడికాక ఒదుగు వచ్చేది. మన పులిహోరకు, పప్పన్నానికి రెండోదే తెచ్చుకో. చింతపండును సంపాలోక్ అంటారు. నిమ్మకాయ బదులు కలమన్సీ ఉంటుంది, గోలీకాయంత, పులుపు మాత్రం గట్టిది. మనీలాలో పాకో అనే చోట, యునైటెడ్ నేషన్స్ అవెన్యూ ప్రాంతంలో గురుద్వారా, మహాత్మా గాంధీ వీధిలో హిందూ గుడి ఉన్నాయి. పప్పులు, ఇంగువ, పోపు సామాను అమ్మే మనదేశపు కొట్లు కూడా ఆ చుట్టుపక్కలే. అందుకని ఇక్కడి నుంచి మొదటి వారానికి సరిపడా ఒక కిలో కందిపప్పు, కందిపొడి, ఇంగువ డబ్బా చాలు. పచ్చి కరివేపాకు, కూరగాయలు పెట్టెలో పెట్టకు, వాటికి మొక్కల క్వారంటైన్ అనుమతి కావాలి. కరెంటు 220 వోల్టులు, మన 230కి దగ్గరే గనక కుక్కర్ పనిచేస్తుంది. అయితే చాలాచోట్ల గోడ సాకెట్లో రెండు చదును పిన్నులకే చోటుంటుంది, మన గుండ్రటి పిన్ను దూరదు. ఎడాప్టర్లు రెండు కొనుక్కో.

ఇక ‘పో’ అనే మాట. మన చెవికి అది కసురుకున్నట్టు వినిపిస్తుంది. వాళ్ళకు అది మన ‘అండి’. ‘సలామత్ పో’ అంటే ధన్యవాదాలండి, ‘ఓపో’ అంటే అవునండి. వయసులో పెద్దవాళ్ళతో, తెలియనివాళ్ళతో మాట చివర అది పెట్టకపోతే ఏకవచనంలో పిలిచినంత మొరటుగా ఉంటుంది. డ్రైవరును, గార్డును ‘కుయా’ అను, అన్నయ్య అని. ఊడ్చే ఆవిడను, కొట్టు ఆవిడను ‘ఆతె’ అను, అక్క అని. ఆఫీసులో నిన్ను ‘మామ్ స్రవంతి’ అంటారు, మన స్రవంతిగారు లాగే. నువ్వూ పైవాళ్ళను అలాగే పిలువు. ‘హిందీ’ అని తరచూ వినబడుతుంది. అది భాష పేరు కాదు, కాదు అని అర్థం. నీ మొహం మీద ఆ మాట ఎవరైనా అన్నారంటే నిజంగా కుదరదనే అర్థం.

ఆఫీసులో జాగ్రత్తగా వినవలసిన మాట ‘ట్రై కో’, ప్రయత్నిస్తాను అని. దాన్ని కాదు కిందే లెక్కవేసుకో. ‘శుక్రవారానికి అయిపోతుందా?’ అని అడిగావంటే అయిపోతుందనే అంటారు, శుక్రవారం సాయంత్రం నువ్వు ఇరుక్కుంటావు. దాని బదులు మంగళవారమే, విడిగా, ‘ఇంకా ఏ పని మిగిలింది? ఎవరి దగ్గర ఆగింది? నేను ఎవరితో మాట్లాడితే కదులుతుంది?’ అని అడుగు. మీటింగులో ఎవరూ నోరు విప్పకపోతే ఒప్పుకున్నారని అనుకోవద్దు. మీటింగయ్యాక ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టు, అసలు అభ్యంతరాలు అప్పుడు బయటికొస్తాయి. తప్పు దిద్దాలంటే తలుపు వేసిన గదిలో, గొంతు తగ్గించి చెప్పు. హైదరాబాదు మీటింగుల్లో ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటం మనకు ఉత్సాహం, అక్కడ అది పోట్లాట. నలుగురిలో ఒకసారి కసిరితే ఆ మనిషి నీకు ఎదురు చెప్పడు. ఆ రోజు నుంచి నీకు ఏ సంగతీ చెప్పకుండా ఊరుకుంటాడు. పనికి అంతకంటే నష్టం లేదు.

మాట లేకుండా చెప్పేవి కొన్ని ఉన్నాయి. కనుబొమలు పైకెత్తితే ఔను. పెదవులు ముందుకు చాచి ఒకవైపు చూపిస్తే ‘అదిగో అక్కడ’. మనం తల అటూ ఇటూ ఊపడం వాళ్ళకు అర్థం కాదు, నోటితో చెప్పు. మనిషిని వేలితో రమ్మని పిలవకు, అరచెయ్యి కిందికి పెట్టి పిలువు.

పొద్దున, మధ్యాహ్నం చిరుతిండి వేళను మెరియెందా అంటారు. నువ్వు పక్కనుంచి వెళ్తుంటే ‘కాయిన్ తాయో’, తిందాం రా, అంటారు. మన ఇంట్లో వచ్చినవాళ్ళను భోంచేయమన్నట్టే అది మర్యాద. తినలేనిదైతే ‘సలామత్ పో, బుసోగ్ పా పో ఆకో’, కడుపు నిండుగా ఉందండి, అంటే చాలు. మొహం చిట్లించడం, వాసన గురించి అనడం వద్దు. ‘కుమాయిన్ కా నా?’ అంటే తిన్నావా అని, అది పలకరింపు. భోజనం కాగానే చాలామంది ఆఫీసు బాత్‌రూములో పళ్ళు తోముకుంటారు. నువ్వూ డ్రాయరులో బ్రష్షు ఒకటి ఉంచుకో. చెమట వాసన విషయంలో వాళ్ళు చాలా పట్టింపు, నోరు తెరిచి మాత్రం చెప్పరు. రెండు పూటలా స్నానం చెయ్యి. బాత్‌రూమును ‘సీఆర్’ అంటారు. ఇళ్ళలో ‘తాబో’, అంటే మన మగ్గు, ఉంటుంది. బయట చాలాచోట్ల నీళ్ళూ ఉండవు, కాగితమూ ఉండదు, సంచిలో పెట్టుకో.

ఎవరైనా ‘బుంబాయ్’ అంటే వెంటనే నొచ్చుకోకు. భారతీయులందరికీ అక్కడ వాడుకలో ఉన్న పేరు అది. దాని వెనుక ‘ఫైవ్-సిక్స్’ అప్పుల కథ ఉంది, మోటారుసైకిళ్ళ మీద తిరిగి అయిదు ఇచ్చి ఆరు వసూలు చేసే వడ్డీ వ్యాపారం. నువ్వు అప్పులిస్తావా అని నవ్వుతూ అడిగేవాళ్ళూ ఉంటారు. ఏ ఊరి నుంచి వచ్చావో, ఏం పని చేస్తావో నిదానంగా చెప్పు.

ఊళ్ళోకి దిగేముందు: విమానానికి 72 గంటలలోపు ఫిలిప్పీన్స్ ప్రభుత్వపు ఈ-ట్రావెల్‌ సైట్లో నమోదు చేసి క్యూఆర్ కోడ్ తీసుకో. అది ఉచితం, డబ్బు అడిగే సైట్లు నకిలీవి. నీది ఆఫీసు పని కాబట్టి పర్యటనకిచ్చే వీసా వెసులుబాటు మీద వెళ్ళకు, కంపెనీ తీసిన వీసా కాగితాల నకళ్ళు చేతిసంచిలో ఉంచు. జీప్నీ, అంటే అక్కడి షేర్ జీపు బండి, ఎక్కితే డబ్బులు పక్కవాళ్ళ చేతికిచ్చి ‘బాయాద్ పో’ అంటే చేతులు మారి డ్రైవరుకు చేరతాయి, దిగడానికి ‘పారా పో’. పొద్దున్నే వెయ్యి పెసో నోటు తియ్యకు, చిల్లర దొరకదు.

నువ్వు వెళ్ళేది తుపాన్ల రోజుల్లో. పగాసా అనే అక్కడి వాతావరణ సంస్థ 1 నుంచి 5 దాకా సిగ్నల్ నంబర్లు ఇస్తుంది. అవి గాలి వేగానికి, వానకు కాదు. 1వ నంబరు అంటే 36 గంటల్లో గంటకు 39 నుంచి 61 కిలోమీటర్ల గాలి రావచ్చని. సిగ్నల్ ఏమీ లేని రోజున కూడా నైరుతి వాన, అంటే హబగాత్, మనీలా రోడ్లను ముంచుతుంది. దానికి వేరే హెచ్చరికలు ఉంటాయి, పసుపు, నారింజ, ఎరుపు. నారింజ వచ్చిందంటే బయలుదేరకు, ఆఫీసులో ఉంటే అక్కడే ఉండు. గదిలో రెండు రోజుల నీళ్ళు, ఛార్జి నిండిన పవర్‌బ్యాంకు ఎప్పుడూ ఉండాలి. నవంబరు 1న చనిపోయినవాళ్ళ సమాధుల దగ్గరికి ఊళ్ళకు ఊళ్ళు కదులుతాయి, ఆ వారం టీములో సగం మంది ఉండరని ఇప్పుడే లెక్కలో వేసుకో.

చివరగా పసలూబొంగ్. ఊరి నుంచి వచ్చేవాళ్ళు చేత్తో ఏదో ఒకటి తేవాలి, అది అక్కడ ఆనవాయితీ. ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్ళు, వాళ్ళూ బియ్యం తినేవాళ్ళే, చేతికి తీసుకుని చూస్తారు. ఒకటి తగ్గితే ఆ ఒక్కరూ చిన్నబోతారు, గార్డులను, ఊడ్చేవాళ్ళను కూడా కలిపి లెక్కపెట్టు. నలిగిపోతాయి కాబట్టి గట్టి డబ్బాలో పెట్టి చేతిసామానులో ఉంచాలి. మొత్తం ఎందరో ఆదివారంలోగా రాస్తే, నువ్వు బయలుదేరే ముందురోజు చేసినవే తెప్పించి పంపుతాను.

మీ నాన్న