మా జిల్లాలో దొరకని మాత్ర గురించి ఆరోగ్యశాఖ మంత్రి గారికి

తెలంగాణ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న టౌన్. మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. వాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య, ఉందని కిందటేడు హైదరాబాద్‌లో డాక్టర్ చెప్పారు. అప్పటిదాకా మేం విన్నవి వేరే మాటలు. బడిలో "వీడు కుదురుగా కూర్చోడు", చుట్టాల్లో "ఫోన్ ఇచ్చి చెడగొట్టారు", మా అత్తమ్మేమో "మగపిల్లాడన్నాక అల్లరి చెయ్యడా, వాళ్ల నాయన కూడా ఇంతే". (ఆవిడ మాటలో కొంత నిజముందట, ఇది చాలావరకు వంశంలో వచ్చేదేనని డాక్టర్ చెప్పారు. మా ఆయన ఆ రోజంతా మాట్లాడలేదు.)

డాక్టర్ మిథైల్‌ఫెనిడేట్ మాత్ర రాశారు. ఆ రాత్రి ఫోన్లో వెతికితే ఆ మందు పేరు ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో కనబడింది, గంజాయి కేసులప్పుడు పేపర్లో చదువుతామే, ఆ చట్టమే. ఇంక నిద్రేం పడుతుంది. పిల్లాడికి మత్తుమందు వేస్తామా అని ఆయన, వెయ్యకపోతే చదువేం కావాలని నేను, వారం రోజులు ఇదే టెన్షన్. మళ్లీ వెళ్లి అడిగితే డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. సరైన మోతాదులో, డాక్టర్ చూస్తుండగా వాడితే చాలామంది పిల్లలకి పనిచేస్తుంది, ఆకలి తగ్గొచ్చు, నిద్ర ఆలస్యం కావొచ్చు, ఎత్తు, బరువు, బీపీ చూసుకుంటూ ఉండాలి, పడకపోతే ఆపేసి వేరేది చూద్దాం అన్నారు. ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకే, పిల్లల్ని ఎలా సంభాళించాలో శిక్షణ ఇస్తారట. మావాడి వయసుకి మాత్ర, శిక్షణ రెండూ ఉంటే మంచిదన్నారు.

సరే అనుకున్నాం. మాత్ర ఎక్కడ?

ఇది షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు కాపీలు కావాలి, అందులో ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి, అమ్మడానికి వాళ్లకి వేరే లైసెన్సుండాలి. తప్పుడు చేతుల్లో పడకూడదని పెట్టిన రూలు, దాని మీద నాకు కోపం లేదు. కానీ నెలకి ఒకరిద్దరి కోసం అంత తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు? మేం ఏడు షాపులు తిరిగాం, ఒక్కదాంట్లో లేదు. ఒకాయనైతే చీటీ చూసి నన్ను ఎగాదిగా చూశాడు, ఆ మాత్ర మింగేది నేనే అన్నట్టు. ఇప్పుడు నెలనెలా బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి తెచ్చుకుంటున్నాం. ఒకసారి వెళ్లడం కుదరక, సరిగ్గా పరీక్షల వారంలో మాత్రలు అయిపోయాయి.

మాత్ర వల్ల మేలుందా అంటే ఉంది. మధ్యలో లేచి వెళ్లకుండా పన్నెండో ఎక్కం చివరిదాకా రాశాడు, ఇదివరకు నాలుగో వరుస దాటేవాడు కాదు. కానీ మధ్యాహ్నం అన్నం ముట్టడు, రాత్రి తొమ్మిదింటికి పెరుగన్నం అడుగుతాడు, మూడు నెలల్లో కిలో తగ్గాడు. మెషీన్ మీద నిలబెట్టినప్పుడల్లా ఆపేద్దామా అనిపిస్తుంది. ఆపేసి థెరపీ మీదే నడుపుదామంటే, అదీ హైదరాబాద్‌లోనే, ముప్పావుగంటకి తొమ్మిది వందలు, వారానికి రెండుసార్లు. ఇక మేం ఆలోచించి తేల్చుకునేదేముంది, బస్సు ఛార్జీలే తేలుస్తున్నాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, 18 ఏళ్లలోపు పిల్లల్లో చూడాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది సార్. అంటే కొత్త పథకం పెట్టమని అడగడం లేదు. ఆ కార్యక్రమం కింద జిల్లాల్లో పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాల్లో నెలకి రెండు శనివారాలు తల్లిదండ్రులకి శిక్షణ పెట్టించండి, తెలుగులో. టీచర్లనీ పిలవండి, ఎందుకంటే అల్లరి చేసేవాణ్ని అందరూ గుర్తిస్తారు, కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లని ఎవరూ పట్టించుకోరు, ఆ పిల్లకీ ఇదే సమస్య ఉండొచ్చు.

ఇంకొకటి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఏడీహెచ్‌డీ లేదు, అందుకని సర్టిఫికెట్ రాదు. అది కేంద్రం చేతిలో ఉందంటారు, తెలుసు. ఒక ఉత్తరం రాయడం మీ చేతిలోనే ఉంది కదా.

వీటన్నిటికీ టైం పడుతుందనుకుంటే, ముందు ఆ మందు ప్రతి జిల్లా ఆస్పత్రి ఫార్మసీలో పెట్టించండి. నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. వచ్చిందని తెలిస్తే చాలు, రెండు కాపీల చీటీ పట్టుకుని నేనే వెళ్లి తెచ్చుకుంటా.

ఇట్లు,
నాలుగో తరగతి పిల్లాడి తల్లి, ఖమ్మం జిల్లా